మూడో గేటు దగ్గర చక్రపాణి

ఆ గురువారం పొద్దున ఇంట్లోంచి వెళ్లేముందు చక్రపాణి చేసిన ఆఖరి పని పాలు తోడుపెట్టడం. నాలుగున్నరకే లేచి, గాలన్ డబ్బాలో మిగిలిన పాలన్నీ గిన్నెలో పోసి కాచాడు. చిటికెనవేలు ముంచి చూసుకుంటూ గోరువెచ్చన అయ్యేదాకా స్టవ్ పక్కనే నిలబడ్డాడు. మీద చిందుతాయని అంతసేపూ యూనిఫాం చొక్కా కుర్చీకి తగిలించి బనీనుతోనే ఉన్నాడు. చెంచాడు పెరుగు కలిపి, మూతపెట్టి, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి అందులో పెట్టాడు. నవంబరు చలికి బయట పెడితే ఆ ఇంట్లో పాలు తోడుకోవు. ఒకసారి కూతురు సంహిత చూసుకోకుండా పిజ్జా కోసం ఓవెన్ ఆన్ చేసి ప్లాస్టిక్ మూత కరిగించింది. అందుకని పసుపు కాగితం మీద "లోపల పెరుగు ఉంది" అని ఇంగ్లీషులో రాసి తలుపుకి అంటించాడు. తర్వాత చొక్కా వేసుకుని, బూట్లు కట్టుకుని వెళ్లిపోయాడు.

పదకొండింటికల్లా పాలు తోడుకున్నాయి. అప్పటికి చక్రపాణి చనిపోయి గంట దాటింది.

అతని వయసు నలభై ఎనిమిది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, కమ్మింగ్ నుంచి గంటంపావు ప్రయాణం చేస్తే వచ్చే వెస్టోవర్ కౌంటీలో షెరిఫ్ ఆఫీసు డిప్యూటీ. అంటే మనవైపు లెక్కలో కానిస్టేబులు. తెనాలిలో కాలేజీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ పిచ్చి. ఆ పిచ్చి పక్కన పెట్టి అందరిలాగే కంప్యూటర్లు నేర్చుకుని ఈ దేశం వచ్చాడు. పదహారేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాడు. వీసా మీద కొన్నేళ్లు, గ్రీన్‌కార్డు మీద కొన్నేళ్లు, పౌరసత్వం వచ్చాక కొన్నేళ్లు. నలభై ఏళ్లప్పుడు కంపెనీ లేఆఫ్ చేసింది. పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్నాక ఒకరోజు వచ్చి, "గిరీ, షెరిఫ్ ఆఫీసులో మనుషుల్ని తీసుకుంటున్నారు. తెలుగూ హిందీ వచ్చినవాడు కావాలట. వయసు అడ్డం కాదట" అన్నాడు. భార్య గిరిజ నవ్వింది. అతను నవ్వలేదు.

అకాడమీలో ఇరవై రెండేళ్ల కుర్రాళ్లతో కలిసి పరిగెత్తి, గోడలెక్కి, నేలమీద పాకి పాసయ్యాడు. అక్కడే అతని పేరు పలకలేక "చక్" అన్నారు. అదే ఖాయమైపోయింది. ఊళ్లో తెలుగువాళ్లకి మొదట్లో వింతగా ఉండేది. అమెరికా వచ్చి పోలీసు ఉద్యోగమేంటని వెనకాల అనుకున్నవాళ్లే స్పీడ్ టికెట్ పడగానే ఫోన్ చేసేవాళ్లు. "అన్నగారూ, కొంచెం చూడండి, తీయించెయ్యండి." చక్రపాణి ఓపిగ్గా వినేవాడు. చివర్లో కోర్టు తేదీ ఎప్పుడో, ఆన్‌లైన్‌లో ఎలా కట్టాలో చెప్పేవాడు. ఏడేళ్లలో ఒక్క టికెట్ తీయించలేదు.

గిరిజ ఫార్మసీలో టెక్నీషియన్. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరివో బీపీ మాత్రలు, గుండె మాత్రలు లెక్కపెట్టి సీసాల్లో వేసి ఇవ్వడం ఆమె పని. ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. జూన్‌లో గడ్డి కోస్తూ చక్రపాణి మధ్యలో మిషన్ ఆపి మెట్లమీద కూర్చున్నాడు. ఎండదెబ్బ అన్నాడు. రెండోసారి కూర్చున్నప్పుడు ఆమె ఊరుకోలేదు, డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన ఈసీజీ గీతల కాగితం చూసి, పెద్దగా ఏం చెప్పకుండా, గుండె డాక్టరు దగ్గర ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమన్నాడు. గుండె డాక్టరు ఆ ఊరి క్లినిక్‌కి గురువారాలే వస్తాడు. దొరికిన మొదటి తేదీ సెప్టెంబరు పదకొండు.

ఆగస్టు ఆఖర్లో ఒక సోమవారం ఊళ్లోని టైర్ల ఫ్యాక్టరీలో జీతాల కోసం సమ్మె మొదలైంది.

పంతొమ్మిది వందల మంది బయటికొచ్చారు. కౌంటీ మొత్తానికి డిప్యూటీలు అరవై నలుగురు. ఫ్యాక్టరీకి నాలుగు గేట్లు. నాలుగూ తెరిచే ఉండాలని కంపెనీ కోర్టుకి వెళ్లి ఆర్డరు తెచ్చుకుంది. మరునాడే లెఫ్టినెంట్ క్రాలిక్ నోటీసు బోర్డు మీద కాగితం అంటించాడు. సెలవులన్నీ రద్దు, పన్నెండు గంటల డ్యూటీ, వారానికి ఆరు రోజులు. పక్క కౌంటీలవాళ్లు రెండు వారాలు మనుషుల్ని పంపి ఆ తర్వాత మొహం చాటేశారు. కంపెనీ సొంతంగా తెచ్చుకున్న కాపలావాళ్లు కంచె లోపల ఏసీ కార్లలో కూర్చుని కాఫీ తాగేవాళ్లు. బయట తారురోడ్డు మీద, బులెట్ జాకెట్ కింద బనీను పిండితే నీళ్లు కారేలా, నిలబడాల్సింది డిప్యూటీలు. కూర్చోకూడదు. కూర్చున్న డిప్యూటీ ఫోటో పేపర్లో పడితే కౌంటీకి పరువు తక్కువట.

జడ్జిగారి ఆర్డర్లో ఇంకో ముచ్చట ఉంది. గేటు ముందు ఆరుగురికి మించి సమ్మెవాళ్లు ఉండకూడదు. లోపలికి వెళ్లే ప్రతి బండినీ వాళ్లు రెండు నిమిషాలు ఆపుకోవచ్చు, తమ మాట చెప్పుకోవచ్చు. రెండు నిమిషాలు కాగానే తప్పుకోవాలి. తప్పుకోకపోతే అరెస్టు. అంతకంటే ముందే బండి కదిలితే డ్రైవరుది తప్పు. ఈ రెండు నిమిషాలూ కొలిచేవాడు ఒకడు కావాలి కదా. మూడో గేటు దగ్గర స్టాప్‌వాచ్ చక్రపాణి చేతికిచ్చారు.

ఊరికే ఇవ్వలేదు. మూడో గేటు ఆఫీసు బిల్డింగ్‌కి దారి. లోపల కంప్యూటర్ల పని చూసే తెలుగు పిల్లలు పదిమంది పైనే ఉన్నారు, అందరూ కన్సల్టింగ్ కంపెనీ తరఫున వచ్చినవాళ్లు, అందరూ వీసాలవాళ్లు. "నీ వాళ్లు కదా, నువ్వైతే గొడవ లేకుండా చూస్తావు" అన్నాడు క్రాలిక్, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

మూడో వారంలో ఒకరోజు గిరిజ అన్నం డబ్బా పట్టుకుని వెళ్లింది. రోడ్డు అవతల కారాపుకుని చూసింది. ఆమె చూస్తుండగానే అవినాష్ కారు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి అవినాష్‌కి. వాళ్లింట్లో ఎన్నోసార్లు తిన్న పిల్లాడు. కారు చుట్టూ ఆరుగురు నిలబడ్డారు. ముందు నిలబడ్డావిడ పేరు లొరెయిన్. టైర్లు ఉడికించే ప్రెస్సుల దగ్గర ఇరవయ్యేడేళ్ల సర్వీసు. భుజాలు మగవాడి భుజాల్లా ఉంటాయి.

"చక్! మీ చుట్టాలొచ్చారు. గడియారం తియ్!" అని అరిచింది.

"నా చుట్టాలైతే ముందు ఫోన్ చేసి ఇవాళ టిఫినేంటని అడుగుతారు లొరెయిన్. ఇలా హారన్ కొట్టరు."

అందరూ నవ్వారు. ఒకడు మాత్రం నవ్వలేదు. "దొంగలకి దొంగే కాపలా" అని కారు బానెట్ మీద అరచేత్తో గట్టిగా చరిచాడు.

"చేతులు వెనక్కి పెట్టుకో రాయ్. మాట్లాడుకో, ఎంతైనా తిట్టుకో. చెయ్యి మాత్రం తగలకూడదు."

అవినాష్ అద్దం నాలుగు వేళ్ల మేర దించాడు. "అన్నా, ప్లీజ్ అన్నా. ఎనిమిదింటికి కాల్ ఉంది. నిన్న కూడా లేట్ అయ్యాను, మేనేజర్ నోట్ చేస్తున్నాడు."

"ఇంకో యాభై సెకన్లు బాబూ."

"మీరు సైగ చేస్తే వాళ్లు తప్పుకుంటారన్నా. మీ మాట వింటారు."

"అందుకే చెయ్యను. అద్దం ఎత్తుకో."

గిరిజకి అప్పుడు కోపం ఎవరిమీద వచ్చిందో ఆమెకే తెలీదు. అన్నం డబ్బా ఇవ్వబోతే సార్జెంటు అడ్డం వచ్చి, లైన్ దగ్గర బయటివాళ్లు ఇచ్చింది ఏదీ తీసుకోకూడదని చెప్పాడు. "నేను బయటిదాన్నా?" అంది. రూలు మేడమ్ అన్నాడు. లొరెయిన్ ఐసునీళ్ల సీసా ఇవ్వబోయినా అదే రూలు. చక్రపాణి ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చల్లారిపోయిన ఆ డబ్బాలోని వంకాయ కూరే కలుపుకుని తిన్నాడు.

ఊరి తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పొద్దున్నే మెసేజ్‌లు మొదలయ్యేవి. మూడో గేటు ఖాళీయేనా, రెండో గేటు మంచిదా అని. తర్వాత్తర్వాత వేరే రకం మొదలయ్యాయి. "మన డిప్యూటీ గారు మనవాళ్లనే ఎండలో నిలబెడుతున్నారు. ప్రమోషన్ మీద కన్నేమో" అని ఒకాయన పెట్టాడు. కింద పదిహేడు నవ్వు బొమ్మలు. విజయశ్రీ, గిరిజ ఏడేళ్ల స్నేహితురాలు, ఆమె బొమ్మ కూడా వాటిలో ఉంది.

గిరిజ జవాబు రాయబోతే చక్రపాణి ఫోను లాక్కున్నాడు. "వాళ్ల భయం వాళ్లది. అవినాష్ ఆ గేట్లోంచి లోపలికి పోకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో సామాన్లు సర్దుకోవాలి. ఆ భయం నాకు తెలీదా?"

"మరి ఆవిడ? లొరెయిన్?"

"ఆవిడకి ఇప్పుడు ఇంటి కంతు కట్టడానికి లేదు. మందులకి ఇన్సూరెన్స్ తీసేశారు. ఆవిడ అడిగేదీ తప్పు కాదు." ప్లేటు తీసుకుని సింక్ వైపు నడిచాడు. "ఇద్దరూ నన్నే తిడుతున్నారంటే రెండు నిమిషాలు సరిగ్గానే కొలుస్తున్నాననుకో."

అతనికి తెలిసిన ఆ భయం సంగతి గిరిజకీ తెలుసు. చికాగోలో ఉన్నప్పుడు అతని టీమ్‌లో ఒకాయన వెన్నెముకకి ఆపరేషన్ చేయించుకోవాలని మేనేజరుకి చెప్పాడు. నెల తిరక్కుండా లేఆఫ్ జాబితాలో మొదటి పేరు ఆయనదే. ఆ ఏడాది జనవరిలో ఆ కుటుంబం ఇద్దరు పిల్లలతో విమానం ఎక్కుతుంటే చక్రపాణే డ్రైవ్ చేసి దింపాడు. అప్పట్నుంచి నూట మూడు జ్వరంలోనూ ఆఫీసుకి వెళ్లేవాడు. పౌరసత్వం వచ్చినా, ఉద్యోగం మారినా, ఒంటిమీదకి యూనిఫాం వచ్చినా ఆ అలవాటు పోలేదు.

సెప్టెంబరు పదకొండుకి రెండు రోజుల ముందు ఆమె గుర్తుచేసింది.

"అడిగాను గిరీ. కుదరదన్నారు."

"గుండె పరీక్ష అని చెప్పారా?"

"చెప్పా."

"చెప్పినా ఇవ్వలేదా!"

"సమ్మె కదా. అందరికీ ఏదో ఒకటి ఉంటుంది."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. లెఫ్టినెంటుకి తనే ఫోన్ చేస్తానంది. చక్రపాణి వద్దన్నాడు. పెళ్లాం చేత ఫోన్ చేయించుకునే రకం అనుకుంటారన్నాడు. ఆమె చెయ్యలేదు. క్లినిక్‌కి మాత్రం ఫోన్ చేసి అక్టోబరు రెండుకి మార్పించింది. అదీ అలాగే పోయింది. అడిగాను, కుదరదన్నారు. ఈసారి ఆ మాట చెప్పేటప్పుడు షూ లేసులు విప్పుకుంటూ తలెత్తలేదు.

ఆ రోజుల్లో అతని కారు నిండా నమిలే గ్యాస్ మాత్రల సీసాలే. ఛాతీ మధ్యలో మంటగా ఉందనేవాడు. పన్నెండు గంటలు నిలబడి, నిలబడే బర్గర్ మింగితే గ్యాస్ రాక ఏమొస్తుందనేవాడు. మనవాళ్లలో ఏ మగవాడికి ఛాతీలో ఏం పట్టినా ముందు గ్యాసే. వాము నమిలి, సోడా తాగి, ఒక త్రేన్పు వచ్చేదాకా చూస్తారు. ఫార్మసీ కౌంటర్లో అలాంటివాళ్లని ఆమె తరిమి తరిమి ఆస్పత్రికి పంపించేది. తన ఇంట్లో మాత్రం సోడా కలిపి ఇచ్చింది. రెండుసార్లు ఇచ్చింది.

సంహిత పన్నెండో తరగతి. తండ్రిని చూసి ఒకరోజు నిలదీసింది. "నాన్నా, నువ్వు చాలా టయర్డ్ ఉన్నావు. ఎందుకు రోజూ వెళ్తావు? జస్ట్ సే నో."

"నో అంటే ఊరుకోరమ్మా."

"ఊరుకోకపోతే? నిన్ను ఏం చేస్తారు? నువ్వు సిటిజన్!"

చక్రపాణికి పెద్ద నవ్వొచ్చింది. నవ్వి నవ్వి దగ్గాడు. "చూశావా గిరీ, దీనికి ఎంత ధైర్యమో" అన్నాడు.

పరీక్షకి మూడోసారి దొరికిన తేదీ నవంబరు ఆరు, గురువారం, పది నలభైకి. గిరిజ ఆ రోజుకి తనూ సెలవు పెట్టింది. సమ్మె పదకొండో వారానికి వచ్చింది. ఇద్దరు డిప్యూటీలు మధ్యలోనే రాజీనామా పడేసి పోయారు. మిగిలినవాళ్లు కళ్లు తెరుచుకుని నిద్రపోయేవాళ్లు. కౌంటీలో అవతలి మూల ఎవరింట్లోనో దొంగలు పడి ఫోన్ చేస్తే డిప్యూటీ చేరడానికి గంట పట్టింది. ఆ ఇంటాయన మూడో గేటుకి వచ్చి మరీ చక్రపాణి మొహం మీద తిట్టి పోయాడు.

బుధవారం సాయంత్రం అన్నం తింటుండగా సార్జెంటు మెసేజ్ వచ్చింది. గోడౌన్లలో ఇరుక్కుపోయిన టైర్లన్నీ కంపెనీ రేపు బయటికి తీస్తోంది. ముప్పై ఎనిమిది ట్రక్కులు వరసగా మూడో గేటు మీదుగా వెళతాయి. రేపు ఒక్క మనిషి తగ్గకూడదు.

చక్రపాణి ఫోను బల్లమీద బోర్లించాడు. ఆమెకి అర్థమైపోయింది.

"మీరు లేకపోతే ఆ ట్రక్కులు ఆగిపోతాయా?"

"ఆగవు."

"మరి?"

"ఇదొక్కటి గిరీ. వచ్చే గురువారం తప్పకుండా."

"రేపు సెలవని మీరు ఎప్పుడో చెప్పారు కదా వాళ్లకి. ఇస్తామని ఇప్పుడు పీకేస్తారా? వాళ్లకి మనుషుల్లా కనిపించట్లేదా మీరు? టైర్లకున్న విలువ లేదా మీకు?" అరుస్తూ పోయింది. అతను చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె భుజం మీద వెయ్యబోతే విదిలించింది. ఆ సాయంత్రం ఇంకో మాట మాట్లాడలేదు. పొద్దున అతను పాలు కాస్తున్న చప్పుడు మంచం మీంచి విన్నది. లేవలేదు.

మిగతాది లొరెయిన్ చెప్పింది. ఆ రోజు రెండు నిమిషాల లెక్క లేదు. సమ్మెవాళ్లు పసుపు టేపు వెనక నిలబడాలి, టేపు దాటితే అరెస్టు. చక్రపాణి ఆ టేపు వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకి మూడు గంటలు నడిచాడు. ఎవరో సీసా విసిరారు. రాయ్ టేపు మీదకి ఉరికితే ఛాతీ అడ్డం పెట్టి ఆపాడు. తొమ్మిదీ ఇరవైకి పక్కనున్న డిప్యూటీతో గ్యాస్ పట్టేసింది అన్నాడు. ఇనప బారికేడ్ పట్టుకుని వంగాడు. అలాగే జారి కూర్చున్నాడు. ఆ లైన్లో అతను కూర్చోవడం అదే మొదలు.

టేపు దాటి ముందు పరిగెత్తింది లొరెయిన్. జాకెట్ పట్టీలు పీకి పక్కనపడేసి రెండు చేతులతో ఛాతీ మీద నొక్కడం మొదలెట్టింది. ఒక కుర్ర డిప్యూటీ ఆమెని వెనక్కి లాగబోయాడు. ఏం జరుగుతోందో చూశాక తనే మోకాళ్లమీద కూలబడ్డాడు. అంబులెన్సు వచ్చింది గానీ ట్రక్కుల వెనక చిక్కుకుంది. రోడ్డు ట్రక్కుల కోసం ఖాళీ చేసి పెట్టింది డిప్యూటీలే. రేడియోలో పైనుంచి వచ్చే మాట ఒకటే, వరస ఆగకూడదు. చక్రపాణి నేలమీద ఉండగా అతని బూట్లకి పదడుగుల దూరంలో ఇంకో నాలుగు ట్రక్కులు వెళ్లిపోయాయి. ఐదోదానికి సమ్మెవాళ్లు అడ్డంపడి, బానెట్ ఎక్కి, ఆపారు. అంబులెన్సు వాళ్లు చేరేసరికి పదకొండు నిమిషాలు. అడ్డంపడ్డ ముగ్గురి మీద కేసులు పెట్టారు. ఆ కేసులు ఇంకా నడుస్తున్నాయి.

అంత్యక్రియలకి షెరిఫ్ వచ్చాడు. వీరుడు అన్నాడు. మడతపెట్టిన జెండా గిరిజ చేతిలో పెట్టాడు. వాట్సాప్ గ్రూపులో దీపాల బొమ్మలు వరసకట్టాయి. ప్రమోషన్ మాట రాసిన పెద్దమనిషే "మన కమ్యూనిటీకి గర్వకారణం" అని రాశాడు. గిరిజ ఆ గ్రూపులోంచి బయటికొచ్చేసింది. అవినాష్ మాత్రం ఇంటికొచ్చాడు. సోఫా అంచున కూర్చున్నాడు. లేచేముందు, "అన్నని నేను చాలా విసిగించానక్కా" అని ఏడ్చాడు. పదమూడు రోజుల తర్వాత సమ్మె తెగింది. రెండుపక్షాలవాళ్లూ చేతులు కలుపుకుంటున్న ఫోటో పేపర్లో వచ్చింది.

కోర్టు బిల్డింగ్ ముందు ఒక నల్లరాయి ఉంటుంది. డ్యూటీలో పోయిన డిప్యూటీల పేర్లు దానిమీద చెక్కుతారు. గిరిజ ఆ కౌంటీని అడిగింది రెండే. ఆ రాతి మీద చక్రపాణి పేరు. ఆ పేరుతో పాటు, మూడుసార్లు గుండె పరీక్షకి ఒక్క రోజు అడిగితే మేం ఇవ్వలేదు అని కాగితం మీద ఒప్పుకోవడం.

జనవరిలో కౌంటీ కమిషనర్ల మీటింగ్‌కి వెళ్లింది. తెర మీద సమ్మె బందోబస్తు ఖర్చుల పట్టిక వేశారు. ఓవర్‌టైమ్, పెట్రోలు, బారికేడ్లు, పగిలిన అద్దాలు, ప్లాస్టిక్ టాయిలెట్ల అద్దె. ఇది జనం పన్ను డబ్బు, కంపెనీ ఎందుకు భరించదని ఒక కమిషనర్ ఆవేశపడ్డాడు. అందరూ తలలూపారు. జనం మాట్లాడే వంతు వచ్చినప్పుడు గిరిజ మైకు దగ్గరికి వెళ్లింది.

"ఆ పట్టికలో టాయిలెట్ల అద్దె ఉంది. నా భర్త ఏ వరసలో ఉన్నాడో చూపించండి" అంది.

ఆమెకిచ్చిన సమయం అయిపోయిందని బెల్లు మోగింది.

ఫిబ్రవరిలో కౌంటీ బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. గేటు దగ్గర నిలబడటం రోజువారీ విధుల్లో భాగమేనట. అందులో అసాధారణమైన శ్రమ ఏదీ బోర్డుకి కనిపించలేదట. పైగా డిప్యూటీ తన అనారోగ్యం గురించి పైవాళ్లకి ఏనాడూ తెలియజేయలేదట. కాబట్టి డ్యూటీ మరణంగా గుర్తించలేమని, తమ సానుభూతి అని, కింద సంతకం. గిరిజ ఆ ఉత్తరం చదివి నేరుగా క్రాలిక్‌కి ఫోన్ చేసింది.

"నీకు చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు."

"మేడమ్, నాకు ఎప్పుడూ చెప్పలేదు. దేవుడి మీద ఒట్టు."

"దేవుణ్ణి లాగకు. చచ్చినవాడు తిరిగొచ్చి చెప్పలేడని ఎంత మాటైనా అంటావా?"

"చక్ నాకు స్నేహితుడు మేడమ్."

"స్నేహితుడే! పదడుగుల దూరంలోంచి ట్రక్కులు తోలించావు స్నేహితుడి పక్కనుంచి!"

అవతల అతను ఏడుస్తున్నాడని ఆమెకి తెలిసింది. జాలి కలగలేదు. ఏడుపు కూడా నాటకమే అనుకుంది. సంహితని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి పేపరుకి ఉత్తరం రాసింది. "ఈ ఆఫీసు నా భర్తని ముందు నిలబెట్టి చంపింది, ఇప్పుడు అబద్ధమాడి చంపుతోంది" అని. వాళ్లు ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. లొరెయిన్ ఆ కాగితం కత్తిరించి యూనియన్ ఆఫీసు తలుపుకి అంటించింది. సూపర్‌మార్కెట్లో క్రాలిక్ భార్య ఎదురైతే, ఆవిడ బండి వదిలేసి వెళ్లిపోయేదాకా గిరిజ చూపు తిప్పుకోలేదు.

సెలవు అడిగిన ఫారాలు ఆఫీసులో ఎక్కడో ఉండే ఉంటాయి. అవి బయటికి తీస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయని రికార్డుల కోసం అర్జీ పెట్టింది. వాళ్లు తిప్పి పంపారు. మళ్లీ పెట్టింది. ఏప్రిల్ మూడో వారంలో వచ్చి తీసుకెళ్లమన్నారు.

కిటికీ వెనకున్న అమ్మాయి గోధుమరంగు కవరు ఇచ్చింది. గిరిజ అక్కడే, నిలబడే, తెరిచింది. ఫారాలు మూడూ ఉన్నాయి. మూడిటి మీదా చక్రపాణి చేతిరాత, తేదీలు సరిగ్గా అవే. మూడిటి మీదా నిరాకరించినట్టు క్రాలిక్ సంతకం. కారణం అన్నచోట మూడిటిలోనూ ఒకటే మాట రాసి ఉంది, సొంత పని అని. దాని పక్కనే చిన్న గడి, వైద్య కారణం అయితే టిక్కు పెట్టమని. మూడిటిలోనూ అది ఖాళీ.

ఈ గడి దేనికని ఆమె అడిగింది.

అందులో టిక్కు ఉంటే ఆ ఫారం లెఫ్టినెంట్ దాకా పోదని, ఇక్కడే, ఈ కిటికీలోనే స్టాంపు వేసి సెలవు ఇచ్చేస్తామని ఆ అమ్మాయి చెప్పింది. సెలవులన్నీ రద్దయినప్పుడు కూడా అంతే. సమ్మె జరిగినన్ని రోజుల్లో పదకొండు మంది అలా వెళ్లొచ్చారట. ఒకతను పన్ను పీకించుకోవడానికి.